జోడీ ఎంత అని అడిగే ముందు

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కి కూతవేటు దూరంలో ఉన్న ముర్గీ చౌక్‌కి వెళ్లి ఒక కుందేలు పిల్ల కావాలని అడిగితే, "ఒక్కటే తీసుకెళ్తే బెంగ పెట్టుకుంటుంది సార్, జోడీ తీసుకోండి" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాటలో సగం నిజం ఉంది. కుందేలు గుంపుగా బతికే ప్రాణి, ఒంటరితనం దానికి మంచిది కాదు. మిగతా సగం మాత్రం ఎవరూ చెప్పరు. ఆడ కుందేలు దాదాపు 31 రోజులకే ఈనుతుంది. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఈతకు ఐదారు పిల్లలు మామూలు, ఒక్కోసారి పది కూడా పుడతాయి. కొన్న జోడీ ఎదిగిన మూడు నాలుగు నెలలకు ఆ ఇంటి బాల్కనీలో ఇరవై కుందేళ్లుంటాయి. ఇంటివాళ్లు వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని కొన్న చోటికే తీసుకెళ్తారు. దుకాణానికి పైసా ఖర్చు లేకుండా కొత్త సరుకు అందుతుంది.

కుక్కపిల్లల ఉత్పత్తి కేంద్రాల గురించి ఇప్పటికే చాలా రాశారు, పోరాడారు, చట్టాలు తెచ్చారు. కుందేళ్లు, గినీపిగ్‌లు, హ్యామ్‌స్టర్లు, తెల్లెలుకలు, పంజరపు పిట్టలు ఆ చర్చలోకి ఆలస్యంగా వచ్చాయి, వచ్చినా వెనక బెంచీలోనే కూర్చున్నాయి. అందుకు కారణం వాటి చవకే అని నా నమ్మకం. వాటి కష్టాలకు మూలం కూడా ఆ చవకే. పశువైద్యుడి ఫీజు హ్యామ్‌స్టర్ ధర కంటే ఎక్కువ. జబ్బు చేసిన గినీపిగ్‌కి వైద్యం చేయించే డబ్బుతో కొత్తవి రెండు మూడు కొనొచ్చు. పెంచే షెడ్డులో, టోకు వ్యాపారి గోదాములో, దుకాణంలో, చివరికి మన ఇంట్లో కూడా ఈ లెక్కే నడుస్తుంది. బాగుచేయడం కంటే పారేసి కొత్తది తెచ్చుకోవడం చవకైన చోట ప్రాణానికి విలువ నిలవదు. దత్తత తీసుకోమని చెప్పడంలో నా ఉద్దేశం ఈ లెక్కను తెంచడమే.

ఈ జంతువులు ఇంత చవక కావడానికి వాటి శరీర ధర్మమే కారణం. 1930లో జెరూసలెం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోనీ సిరియాలోని అలెప్పో దగ్గర నేల తవ్వించి ఒక తల్లి హ్యామ్‌స్టర్‌ని, దాని పిల్లల్ని పట్టుకున్నారు. బతికిన కొద్దింటి సంతతి ముందు ప్రయోగశాలలకు, అక్కడి నుంచి ఇళ్లకు పాకింది. నేడు ప్రపంచంలో పెంపకంలో ఉన్న సిరియన్ హ్యామ్‌స్టర్లన్నీ దాదాపుగా ఆ ఒక్క కాన్పు వారసులే. 16 రోజుల గర్భం, ఈతకు ఎనిమిదీ పదీ పిల్లలు కావడంతో అంత విస్తరణకు ఎక్కువ కాలం పట్టలేదు. గినీపిగ్ కథ వేరు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో వేల ఏళ్లుగా మనుషులతో ఉన్న జీవి అది. దాని గర్భం రెండు నెలలకు పైనే, పిల్లలు ఒళ్లంతా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. అంత పెద్ద పిల్లల్ని కనే తల్లికి ప్రసవం కష్టం. కాలం మించాక మొదటిసారి చూలైతే ప్రాణానికే ముప్పు. లాభం కోసం ఆడవాటి చేత ఎడతెరిపి లేకుండా ఈనించే చోట ఈ విషయం ఎవరు పట్టించుకుంటారు?

పెద్ద ఎత్తున సాగే ఈ వ్యాపారం లోపలి తీరు బయటి ప్రపంచానికి స్పష్టంగా కనిపించిన సందర్భం ఒకటుంది. 2009 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో యూ.ఎస్. గ్లోబల్ ఎగ్జాటిక్స్ అనే టోకు సంస్థపై నగర అధికారులు దాడి చేసి 26,000కు పైగా జంతువుల్ని స్వాధీనం చేసుకున్నారు. అంతకుముందు పీటా సంస్థ పరిశోధకుడొకరు నెలల తరబడి అక్కడ ఉద్యోగిగా పనిచేసి లోపలి పరిస్థితిని నమోదు చేశారు. బల్లులు, కప్పలు, పాములు, సాలీళ్లతో పాటు చిన్న క్షీరదాలు కూడా ఆ గోదాములో గుట్టలుగా ఉన్నాయి. తర్వాత అక్కడి పరిస్థితిని విశ్లేషించిన నిపుణుల వ్యాసం 2014లో ఒక జంతు సంక్షేమ శాస్త్ర పత్రికలో వెలువడింది. అక్కడి జంతువుల్లో సుమారు 80 శాతం జబ్బుపడి గానీ, గాయపడి గానీ, చనిపోయి గానీ ఉన్నాయని అది తేల్చింది. చచ్చినవీ, చావుకు దగ్గరైనవీ కలిపి దాదాపు 3,500 ప్రాణుల్ని వారం వారం పారేసేవారు. సరుకు మారే ఆరు వారాల గడువులో 72 శాతం చనిపోయేవి. కారణాల జాబితా చదివితే ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లు లేవు, తిండి చాలదు, కిక్కిరిసిన డబ్బాలు, అశుభ్రత, ఒకదాన్నొకటి కొరుక్కుతినడం, చలి, వేడి. వీటిలో అరుదైన జబ్బు గానీ, అనుకోని ప్రమాదం గానీ ఒక్కటీ లేదు. తక్కువ మంది పనివాళ్లతో ఎక్కువ ప్రాణుల్ని ఉంచితే జరిగేదే అక్కడ జరిగింది. వందలో డెబ్భై పోయినా వ్యాపారం సాగిందంటే, మిగిలిన వాటి ధరలో పోయినవాటి ధర ముందే కలిసి ఉందన్నమాట.

2016లో పీటాయే పెన్సిల్వేనియాలోని హోమ్స్ ఫార్మ్ అనే మరో సరఫరాదారు షెడ్లలో తీసిన వీడియోల్లో, అక్కర్లేని చిన్న జంతువుల్ని కార్బన్ డయాక్సైడ్‌తో చంపుతున్న దృశ్యాలున్నాయి. పెట్‌కో, పెట్‌స్మార్ట్ వంటి పెద్ద గొలుసు దుకాణాలు ఆ తర్వాత దానితో సంబంధాలు తెంచుకున్నాయి. కొందరు వ్యాపారులే చెడ్డవాళ్లు, మిగతావాళ్లు నియమాలు పాటిస్తారని ఇలాంటి సందర్భాల్లో ఒక వాదన వస్తుంది. అయితే ఆ నియమాలేమిటో ఒకసారి చూడాలి. అమెరికా జంతు సంక్షేమ చట్టం కింద, 350 గ్రాములు దాటిన గినీపిగ్‌కి ఇవ్వాల్సిన కనీస స్థలం 101 చదరపు అంగుళాలు, అంటే ఏ4 కాగితం కంటే కాస్త ఎక్కువ. ఎదిగిన సిరియన్ హ్యామ్‌స్టర్‌కి 19 చదరపు అంగుళాలు చాలు. చిల్లర పెట్ షాపులకు ఆ చట్టం నుంచి మినహాయింపే ఉంది. పరిశోధనల కోసం పెంచే ఎలుకల్ని, చుంచుల్ని, పక్షుల్ని 2002 సవరణ చట్టం పరిధి నుంచే తప్పించింది. షెడ్డు నడిపేవాడు చట్టాన్ని అక్షరాలా పాటించినా గినీపిగ్ బతుకు ఆ కాగితమంత చోటులోనే తెల్లారుతుంది. స్విట్జర్లాండ్ 2008లో తెచ్చిన నియమాల్లో గినీపిగ్‌ని ఒంటరిగా ఉంచకూడదని రాసింది. ఒక ప్రభుత్వం అంతవరకు ఆలోచించగలిగితే మిగతా ప్రభుత్వాలకు చేతకాదని అనుకోలేం.

ఈ వ్యాపారం వల్ల మనుషులకు వచ్చే ముప్పు గురించి కూడా చెప్పాలి. 2003లో ఘనా నుంచి టెక్సస్‌కి వచ్చిన సుమారు 800 చిన్న జంతువుల సరుకులో మంకీపాక్స్ ఉంది. దారిలో ఒక వ్యాపారి దగ్గర వాటి పక్కన ఉంచిన ప్రెయిరీ డాగ్‌లకు అంటింది, వాటిని కొన్న ఇళ్లకు వచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 47 కేసులు తేలాయి. 2005లో ఒక దాత అవయవాలు పొందిన నలుగురికి ఒక ఎలుకజాతి వైరస్ సోకి ముగ్గురు చనిపోయారు. వెతికితే దాత ఇంట్లో కొత్తగా కొన్న హ్యామ్‌స్టర్, దాని వెనక ఒహాయోలోని పంపిణీదారు బయటపడ్డారు. 2022 జనవరిలో హాంకాంగ్‌లో పెట్ షాపు ఉద్యోగికి కోవిడ్ వచ్చి, హ్యామ్‌స్టర్లలో కూడా వైరస్ కనబడగానే ప్రభుత్వం సుమారు 2,000 చిన్న జంతువుల్ని చంపించింది. అప్పగించడానికి వచ్చిన ఇళ్లవాళ్ల చేతుల్లోంచి హ్యామ్‌స్టర్లను తీసుకుని దాచి పెంచుతామని ముందుకొచ్చిన పౌరులు కూడా ఆ నగరంలోనే ఉన్నారు. నలుమూలల నుంచి తెచ్చిన ప్రాణుల్ని ఒక గోదాములో కలిపి మళ్లీ నలుమూలలకూ పంపే ఈ పద్ధతే జబ్బులకు బండి కడుతోంది.

అయితే తప్పంతా గోదాములదేనని, ఇంటి పెంపకందార్లందరూ మచ్చలేనివాళ్లని కూడా అనలేం. 2017లో అమెరికాలో సియోల్ వైరస్ పెంపుడు ఎలుకల్లో బయటపడినప్పుడు అది మొదట కనిపించింది ఇంటి దగ్గర ఎలుకల్ని పెంచి అమ్మేవాళ్ల దగ్గరే. 11 రాష్ట్రాల్లోని 31 చోట్ల ఎలుకలకు సోకింది, 17 మంది మనుషులకు కూడా సోకింది. మంచి పెంపకందారు ఉండొచ్చు. బ్రిటన్‌లో 1976 నుంచి ఉన్న నేషనల్ ఫ్యాన్సీ రాట్ సొసైటీ వంటి సంఘాల్లో, వంశవృక్షం రాసిపెట్టుకుని, పిల్లల్ని కొన్నవాళ్లు పెంచలేకపోతే వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. వాళ్లని షెడ్డు వ్యాపారులతో ఒకే గాటన కట్టను. అలాంటివాళ్లు పిల్లని ఇచ్చే ముందు మనల్నే పది ప్రశ్నలు అడుగుతారు, వెంటనే అమ్మడానికి వాళ్ల దగ్గర పిల్లలుండవు. అడిగిన రోజే, అడిగిన రంగులో పిల్ల దొరికిన చోటు ఆ కోవలోకి రాదు.

చట్టాల విషయంలో గత పదిహేనేళ్లలో కదలిక వచ్చింది. కాలిఫోర్నియా 2019 జనవరి నుంచి పెట్ షాపుల్లో షెల్టర్లు, రెస్క్యూ సంస్థల నుంచి వచ్చిన కుక్కలు, పిల్లులు, కుందేళ్లనే అమ్మాలని ఆంక్ష పెట్టింది. కొందరు వ్యాపారులు రెస్క్యూ పేరుతో దొంగ సంస్థలు పెట్టి ఉత్పత్తి కేంద్రాల పిల్లల్నే అమ్మారు. దాంతో 2021 నుంచి ఆ మూడింటి అమ్మకాన్నే దుకాణాల్లో ఆపేశారు. న్యూయార్క్ రాష్ట్రంలో అలాంటి చట్టమే 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న లూసీ చట్టం కుక్కపిల్లలకు, పిల్లికూనలకే పరిమితం. వీటన్నిటిలో కుందేలు దాకా వచ్చి ఆగిపోయినవే ఎక్కువ. గినీపిగ్‌లు, హ్యామ్‌స్టర్లు, ఎలుకల అమ్మకం యథాతథంగా సాగుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2010లో చేపలు తప్ప అన్ని పెంపుడు జంతువుల అమ్మకాన్ని నిషేధించాలని నగర జంతు సంక్షేమ కమిషన్ చర్చించింది. ఆ ఆలోచనకు కారణం హ్యామ్‌స్టర్లే. పిల్లలు మారాం చేస్తే కొనడం, మోజు తీరాక షెల్టర్లో వదిలేయడం అక్కడ రివాజైపోయింది. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో కొన్న గినీపిగ్‌లను జనం తర్వాత షెల్టర్లలో వదిలేయడం పెరిగాక న్యూయార్క్ నగర మండలి 2023లో పెట్ షాపుల్లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. చిన్న ప్రాణి పేరు చెప్పి చట్టం చేసిన సందర్భాలు ఇప్పటికీ అరుదే.

మన దేశానికి వస్తే, పెంపుడు జంతువుల దుకాణాలను నియంత్రించాలని లా కమిషన్ 2015లో తన 261వ నివేదికలో చెప్పింది. 2017లో కుక్కల పెంపకంపై నియమాలు, 2018లో పెట్ షాపుల నియమాలు వచ్చాయి. ఈ రెండో నియమావళి కుక్కలు, పిల్లులతో పాటు కుందేళ్లు, గినీపిగ్‌లు, హ్యామ్‌స్టర్లు, ఎలుకలు, పంజరపు పక్షులను కూడా పెంపుడు జంతువుల కింద చేర్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ కాకుండా దుకాణం నడపకూడదు. కాగితం మీద ఇది అమెరికా చట్టం కంటే విశాలమైనదే. అయితే పెంపకందార్లపై వచ్చిన నియమాలు కుక్కలకే కావడంతో కుందేళ్లు, హ్యామ్‌స్టర్ల షెడ్డు నడిపేవాడికి ప్రత్యేకంగా ఏ కట్టుబాటూ లేదు. పైగా క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది, మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదంటే అది మన శ్రద్ధలోని లోపమే. మీ ఊళ్లో పెట్ షాపుకి వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. అలా అడిగే హక్కు ఉందని చాలామందికి తెలియదు.

మన దుకాణాల్లో కనబడే ఎర్ర కళ్ల తెల్ల కుందేలు సాధారణంగా న్యూజిలాండ్ వైట్ వంటి మాంసపు జాతుల సంతతి. అరచేతిలో ఇమిడే పిల్లని "ఇంతే ఉంటుంది, పెరగదు" అని అమ్ముతారు. ఏడాది తిరిగేసరికి అది నాలుగైదు కిలోలవుతుంది, ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అరచేతి సైజులో అమ్మడం కోసం నాలుగు వారాలకే తల్లి నుంచి వేరుచేస్తారు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్లకి పాలు హఠాత్తుగా ఆగి, రొట్టెముక్క, క్యారెట్టు, క్యాబేజీ ఎదురైతే పేగులు తట్టుకోలేవు. కొన్న వారంలో పిల్ల చనిపోయిందని బాధపడే ఇళ్లలో అసలు కారణం తరచుగా ఇదే. దానికి కావాల్సింది రోజంతా నమిలే గడ్డి. గరిక మన ప్రతి ఊళ్లోనూ ఉంది. ఇక వేడి. చెమట పట్టని ఒళ్లు, పెద్ద చెవుల నుంచే వేడి బయటికి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడే ప్రాణి మే నెల విజయవాడలో రేకుల షెడ్డు కింద ఎలా బతకాలి?

పిట్టల సంగతి కూడా ఇంతే. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే రంగురంగుల పిట్టలు చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన బడ్జీలు, పంజరంలోనే తరాలుగా పెరిగినవి. పుణ్యమని ఆకాశంలోకి వదిలేస్తే కాకులు, గద్దల పాలవుతాయి. రామచిలుకను అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసీ పిట్టల బజార్లలో గుడ్డ కప్పిన పంజరాలు చేతులు మారుతూనే ఉన్నాయి. కుందేలును పార్కులో వదిలేవాళ్లు కూడా దానికి స్వేచ్ఛ ఇచ్చామనే అనుకుంటారు. వీధికుక్కకు అది ఒక్క పూట తిండి.

దుకాణంలో నలిగిపోతున్న పిల్లని చూసి జాలిపడి కొని, "కాపాడి తెచ్చాం" అనేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. అయినా ఆ పంజరంలో ఖాళీ అయిన చోటుకి మర్నాడు ఇంకొకటి వస్తుంది. వ్యాపారికి జాలి కనబడదు, సరుకు కదిలిందని మాత్రమే తెలుస్తుంది. పరిస్థితి ఘోరంగా ఉంటే ఫొటో తీసి, తేదీ రాసుకుని, స్థానిక జంతు సంక్షేమ సంస్థకు, పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి ఫిర్యాదు ఇవ్వాలి. ఆ ఒక్క పిల్లని అక్కడే వదిలి రావడం కష్టమే. వెనక వచ్చే పది పిల్లల కోసం ఆ కష్టానికి ఓర్చుకోవాలి.

మరి దత్తతకు ఎక్కడికెళ్లాలి? అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ దారి చాలా సులువు. కాలిఫోర్నియాలో 1988లో మొదలైన హౌస్ రాబిట్ సొసైటీ, దాని శాఖలు, ఊరూరా ఉన్న ప్రభుత్వ షెల్టర్లు కుందేళ్లను, గినీపిగ్‌లను ఆపరేషన్ చేయించి, స్వభావం చూసి, జతకుదిర్చి మరీ ఇస్తాయి. విడిగా ఆపరేషన్ చేయిస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే దత్తత రుసుము చాలా తక్కువ. పిల్లాడి పుట్టినరోజుకి హ్యామ్‌స్టర్ కొనబోయే తల్లిదండ్రులు ముందు షెల్టర్ జాబితా చూస్తే, ఎవరో వదిలేసిన ప్రాణి ఒకటి తప్పకుండా కనబడుతుంది.

మన రాష్ట్రాల్లో ఆ ఏర్పాటు ఇంకా పలచగానే ఉంది. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖలో 1996 నుంచి ఉన్న వీఎస్‌పీసీఏ వంటి సంస్థలకు వీధికుక్కలు, పిల్లులు, పశువుల భారమే మోయలేనంత. కుందేలు గురించి ముందుగా ఫోన్ చేసి అడగాలి. అసలు దత్తత ఎక్కువగా జరుగుతున్నది ఇళ్ల మధ్యే. ఉద్యోగం మారి ఊరు వదిలేవాళ్లు, పుట్టిన కూనల్ని పెంచలేనివాళ్లు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపుల్లో, జంతు ప్రేమికుల పేజీల్లో అడుగుతూ ఉంటారు. తీసుకునేవాళ్లు ఊరికే ఇస్తున్నారు కదా అని తలూపకూడదు. ఎదిగినదైతే మంచిది, దాని కోపతాపాలు అప్పటికే తెలిసి ఉంటాయి. గినీపిగ్ శరీరం విటమిన్ సి తయారుచేసుకోలేదు కాబట్టి క్యాప్సికం, కొత్తిమీర, చిన్న జామ ముక్క రోజూ పెట్టే ఓపిక ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో మగ, ఆడ కలిసి ఉంటే ఈ పూటే వేరుచేసి, తర్వాత ఆపరేషన్ సంగతి ఆలోచించాలి.

ఆ ఆపరేషన్ దగ్గరే మన దారి మూసుకుపోతోంది. ఆడ కుందేలుకి వయసు పెరిగే కొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ, అందుకని పిల్లలు పుట్టే అవకాశం లేకపోయినా ఆపరేషన్ అవసరమే. కుక్కలకు అలవాటైన చేతులకు కుందేలు వైద్యం వేరు విద్య. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆపరేషన్‌కి ముందు పస్తు ఉంచకూడదు. పస్తు ఉంచమని చెప్పిన చోట ఆ పని చేయించకండి. కుక్కలకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు, గినీపిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి ప్రాణమే పోవచ్చు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం తమ కళాశాలల ఆసుపత్రుల్లో వారానికి ఒక్క రోజు చిన్న ప్రాణుల ఆపరేషన్లకు కేటాయిస్తే, చదువుకునే విద్యార్థికి చేయి తిరుగుతుంది, ఇంటివాళ్లకు ఖర్చు అందుబాటులోకి వస్తుంది. ఈ కోరికతో రెండు విశ్వవిద్యాలయాలకూ ఉత్తరాలు వెళ్లాలి. కుందేలు ఉన్న ప్రతి ఇంటి నుంచీ వెళ్లాలి.